మూడు ఊరగాయ జాడీలు

గుమ్మఘట్ట,
12-3-2001.

బావకు,

నీ బామ్మర్ది తిప్పేషు రాసేది. నేను ఇక్కడికి క్షేమంగా చేరినాను. క్షేమంగా అంటే, ముదిగుబ్బలో బస్సెక్కినప్పటి నుంచి అనంతపురం దాకా ఎవరిదో గొర్రెపిల్ల నా ఒడిలో పడుకుంది. దాని యజమాని నిద్రపోయినాడు. అది మాత్రం మేలుకొని తన పని తాను కానిచ్చింది. నా తెల్ల ప్యాంటు సంగతి ఇంక అడగొద్దు.

ఈ జాబు చదివేది అక్కే అని నాకు తెలుసు. అక్షరాల బడిలో నాలుగు వారాలు కూచొని, సర్టిఫికెట్టు గోడకు తగిలించుకొని కూడా, రాయడం చదవడం అన్నీ అక్క నెత్తిన వేసినావు. కాబట్టి అక్కా, గట్టిగా చదువు. ఎక్కడా మింగేయొద్దు. ఆయన మధ్యలో లేస్తే తలుపు గడియ పెట్టు.

మొన్న గొర్రెల బొచ్చు కత్తిరించిన రోజు సరదాకు నా ఆస్పత్రి సంచిలోని బీపీ మిషను బయటికి తీసినాను కదా. మీ అరుగు మీదున్న పదకొండు మంది మగవాళ్లూ చిలక జోస్యానికి వచ్చినట్టు చేతులు చాపి వరసగా కూచున్నారు. అక్కను కూడా పిలిచినాను. పప్పు అడుగంటుతుందని రాలేదు. నాకూ ఆ పప్పు మీదే ధ్యాస, మళ్లీ పిలవలేదు. పదకొండు మందిలో పెద్ద నంబరు నీదే, 146 బై 94. నువ్వేమో గెలిచినట్టు మీసం తిప్పినావు. బావా, అది పొట్టేళ్ల పందెం కాదు.

నీకు ఇంకా జబ్బు రాలేదు. గట్టు మీద నిలబడినావు. ఒక పక్కకు దిగితే పథ్యంతో పోతుంది. ఇంకో పక్కకు జారితే బతికినంత కాలం మాత్రలు, లేదంటే మీ నాయన దారి. ఆయన గొర్రెల దొడ్లో పడిపోయేనాటికి యాభై ఏండ్లు. మూతి ఒక పక్కకు పోయి మూడేండ్లు మంచంలో ఉన్నాడు. ఆ మూడేండ్లు సంగటి మెదిపి నోట్లో పెట్టింది, మంచం కింద గిన్నె మార్చింది మా అక్క. నీకిప్పుడు నలభై ఏడు. నీ మీద నాకుండే ప్రేమ సంగతి పక్కన పెట్టు, అది అంతంతమాత్రమే. మా అక్కతో ఆ చాకిరీ రెండోసారి చేయించనివ్వను. నా బాధంతా అదే.

రోజు మొత్తం మీద అన్నింట్లో కలిపి మనిషికి ఒక టీ చెంచాడు ఉప్పు కూడా ఎక్కువే. నువ్వు ఒక పూటకే అంత లాగిస్తున్నావు. సంగటిలోకి తొక్కు, అన్నంలోకి మామిడికాయ, మజ్జిగలోకి ఊరుమిరపకాయ. అక్కా, నీకు ఒకటే పని చెబుతున్నాను. గూట్లో మూడు జాడీలున్నాయే, చింతకాయ తొక్కు, మామిడికాయ, నిమ్మకాయ, అవి ఇంట్లో ఉన్నంత కాలం ఈయన పథ్యం చేయడు. ఎట్లయినా సరే మూడూ ఖాళీ చెయ్యి. పప్పులో ఉప్పు బాగా తగ్గించు.

జాబు అందిన వెంటనే జవాబు రాయించు.

నీ నోటికి శత్రువు,
తిప్పేషు.


బొమ్మలగుట్టపల్లి,
ముదిగుబ్బ మండలం,
24-3-2001.

తిప్పేషుకు, చెప్పేది నీ బావ సుంకప్ప, రాసేది మీ అక్క ఆంజినమ్మ.

ఏమప్పా, నా పొట్టేలు కూర తిని, నా అరుగు మీదనే కూచోని, నన్నే రోగిష్టోన్ని చేసి పోయినావే. ఆ పొద్దు నుంచి ఊర్లో అందరూ నన్ను చూసి "ఏం సుంకప్పా, నూటా నలభై ఆరు" అని పిలుస్తాండారు. ఎర్రిస్వామి అయితే నా మోపెడ్ నంబరు కూడా అదే రాయించుకోమంటాండాడు.

ఉప్పు తినొద్దని రాసినావు. మా తాత తొంభై ఏండ్లు బతికినాడు. సంగటిలో ఉప్పు, మజ్జిగలో ఉప్పు, ఉల్లిగడ్డ కొరికితే దానికీ ఉప్పు. ఆయన్ను ఏ బీపీ ముట్టుకోలేదు. (ముట్టుకున్నా ఎవరికి తెలుసు? అప్పుడు మిషను యాడుండాది? — అక్క)

ఇంకో మాట అడుగుతాండా, దీనికి జవాబు చెప్పు. నా గొర్లకు వారానికి ఒకసారి ఉప్పు పెడ్తా. ముప్పై ఏండ్ల నుంచి పెడ్తాండా. యాడన్నా ఒక గొర్రెకు బీపీ వచ్చి మూతి వంకర పోయిందా? గవర్నమెంటు నీకు జీతమిస్తాండాది కదా, రాయి చూద్దాం.

మీ అక్క నీ జాబు చదివినప్పటి నుంచి నా మీద పోలీసైపోయింది. నిన్న పప్పు పెట్టింది. నోట్లో పెట్టుకుంటే గోడకు పూసే సున్నం మాదిరి ఉండాది. ఇదేమే అంటే, తమ్ముడు చెప్పినాడంటాది. పెండ్లయి ఇరవై ఆరేండ్లు, నేను చెప్పిన మాట ఒకటన్నా ఇట్ల ఇన్యాదా? (ఈ మాట రాయనన్నా. రాయకుంటే సంగటి తిననని కూచున్నాడు. — అక్క)

నీ బొజ్జ అంగీ గుండీలు తెంపుకొని వస్తాండాది. ముందు దానికి రాయి ఒక జాబు.

ఇట్లు,
సుంకప్ప, వేలిముద్ర కాదు, సంతకమే.

(తిప్పేషూ, జాడీల సంగతి నాకు వదిలిపెట్టు. ఊరగాయ పారబోయకూడదు, ఉప్పుండే వస్తువు కదా. ఇంకొకరి చేతికిస్తే కొట్లాటలొస్తాయని మా అత్త చెప్పేది. అయినా నువ్వు చెప్పినావు కాబట్టి ఖాళీ చేస్తా. — అక్క)


గుమ్మఘట్ట,
5-4-2001.

ముప్పై ఏండ్ల గొర్రెల డాక్టరుగారికి,

బావా, నీ ప్రశ్న మా ఆస్పత్రిలో చదివి వినిపించినాను. డాక్టరమ్మ పడీపడీ నవ్వింది. తర్వాత మంచి ప్రశ్నే అంది. మురిసిపోవద్దు, జవాబు విను.

గొర్రెల మేతలో ఉప్పు ఉండదు కాబట్టి వారానికొకసారి పెడతావు. నీ మేతలో మూడు పూటలా ఉంది. ఇది ఒకటి. రెండోది నువ్వే నాకు చెప్పినావు. సంతకు తోలే ముందు రోజు పొట్టేళ్లకు దండిగా ఉప్పు మేపి, తెల్లారినాక తొట్టి నిండా నీళ్లు పెడతావా లేదా? ఎందుకు? ఉప్పు దప్పిక పుట్టిస్తుంది, తాగిన నీటిని ఒంట్లోనే పట్టి ఉంచుతుంది. పొట్టేలు నిండుగా కనపడుతుంది. కొనేవాడు వీపు మీద చెయ్యి వేసి మురిసిపోతాడు. మనిషిలోనూ ఇదే జరుగుతుంది. ఆ నీళ్లు రక్తంలో చేరితే నాళాలు బిగిసి, గుండె రాత్రీ పగలూ తోయలేక తోస్తుంది. నిన్ను సంతకు తోలేవాడు ఎవడూ లేడు బావా. ఊరికే ఎందుకు నిండడం?

మీ తాత సంగతికొస్తే, ఆయన రోజూ గొర్రెల వెంబడి కోసుల కొద్దీ నడిచి చెమట కార్చినాడు. దారిలో దొరికిన ఆకూ కాయా తిన్నాడు. నువ్వు గొర్రెల వెంబడి మోపెడ్ మీద పోతున్నావు. గొర్రెలే నిన్ను చూసి నవ్వుతుంటాయి. ఉప్పొక్కటే కాదు, నడుం చుట్టూ పెరిగిన కొవ్వు, సాయంత్రం పూట వేసుకునే మందు, కాగిన నూనెలో మళ్లీ మళ్లీ వేయించిన బజ్జీలు, అన్నీ తలా ఒక చెయ్యి వేస్తాయి. ఆకుకూరలు, పండ్లు, ఉప్పు లేని మజ్జిగ దాన్ని కిందికి లాగుతాయి. సంగటి మంచిదే. దాంట్లో నంజుకునేదే నీ కొంప ముంచుతుంది.

అక్కా, జాడీలు ఖాళీ చేస్తానని రాసినావు. నువ్వు మాట తప్పేదానివి కాదు. నాకు ధైర్యం వచ్చింది.

ఆకలేసినా బజ్జీ వైపు కూడా చూడని,
తిప్పేషు.


బొమ్మలగుట్టపల్లి,
19-5-2001.

తిప్పేషుకు బావ చెప్పేది.

ఆకుకూర తినమని సులువుగా రాసినావు. ఆకు యాడుండాదప్పా? వానలు లేవు, బోరు ఎండిపోయి నెల దాటింది. వంకాయ కండ్ల చూసి ఎన్నాళ్లయిందో. ఈ కరువులో పచ్చగా ఉండేది ఒక్క మా ఊరి బస్సు. దాన్నే తినమంటావా? మాట్లాడితే పండ్లంటావు. మామిడిపండ్ల బండి ముదిగుబ్బలోనే తిరిగి పోతాండాది, మా ఊరి మొగం చూడదు. ఏ కూరా లేని ఇండ్లల్లో ఊరగాయే కూర. అది నీకు తెలీదా? నువ్వూ అట్లాంటి ఇంట్లోనే పుట్టినావు కదా.

అయినా నేను పథ్యం చేస్తాండా. ఉప్పు లేని పప్పు, ఉప్పు లేని మజ్జిగ. మందు వారానికి ఒక పొద్దుకు దించినా. (రెండు పొద్దులు. — అక్క) గొర్ల వెంబడి నడుస్తాండా. మోపెడ్ దుమ్ము పట్టి ఉండాది.

(తిప్పేషూ, ఆయప్ప చెప్పని మాట ఒకటి ఉండాది. గొర్ల ఉప్పు సంచిలో నుంచి రెండు రాళ్లు తీసి మొలలో దోపుకొని పోతాండాడు. ఆడ చెట్టు కింద కూచోని నాకుతాండాడంట. చూసినోళ్లు చెప్పినారు. గొర్రె మాదిరే అంట. — అక్క)

ఇది అబద్ధం. ఒక రాయే. అది కూడా ఊరికే వాసన చూసినా.

ఇంట్లో వంట ఒకటే. నాకొకటి తనకొకటి చేసేంత తీరిక మీ అక్కకు యాడిది? ట్యాంకరు వచ్చేది ఊరి బయటికి, బిందెలు మోసుకొచ్చేతలికి పొద్దు పోతాది. ఎండకు తలకాయ నొప్పంటాది. రోజూ నెత్తికి గుడ్డ బిగించుకొని తిరుగుతాంటే ఎర్రిస్వామి చూసి, ఏం ఆంజినమ్మక్కా, దండయాత్రకు పోతాండావా అన్యాడు.

నువ్వు జాబుల్లో నా గొర్లను ఎగతాళి చేసేది మానుకో. అవి అన్నీ ఇంటాండాయి.

ఇట్లు,
సుంకప్ప.

(చింతకాయ తొక్కు జాడీ కడిగి బోర్లించినా. మామిడికాయది సగానికొచ్చింది. — అక్క)


గుమ్మఘట్ట,
8-6-2001.

ఉప్పురాయి నాకే బావకు,

నవ్వి నవ్వి నాకు కడుపు నొప్పి పుట్టింది. నీ జాబు తెచ్చిన పోస్టుమ్యాను కూడా నిలబడి విని పోయినాడు. ఆయనది ఈ పక్క కన్నడ మాట, అందుకని రాయి నాకిన ముక్క రెండుసార్లు చెప్పించుకున్నాడు. ఇప్పుడు నీ పేరు గుమ్మఘట్ట దాటి కర్ణాటకలో కూడా తెలుసు.

ఆ రాళ్లు మానెయ్యి. పప్పులో తీసేసిన ఉప్పును మొలలో మోసుకుపోతే మిగిలేదేముంది? నోటికి అలవాటు మారడానికి నెలో రెండు నెలలో పడుతుంది. ఆ తర్వాత నీకే ఉప్పు ఎక్కువ తెలుస్తుంది. అంతదాకా నిమ్మరసం పిండుకో, ఎల్లిపాయ దంచి వేసుకో, కొత్తిమీర దొరికితే కళ్లకద్దుకొని వేసుకో.

శభాష్ అక్కా! ఒక జాడీ కడిగి బోర్లించినావంటే మాటలు కాదు. అట్లాగే కానీ. మిగిలినవి కూడా ఖాళీ చెయ్యి. నీలాంటి ఇల్లాలు మండలానికి ఒకరున్నా మా ఆస్పత్రికి తాళం వేసుకోవచ్చు.

అక్కా, ఒక మాట. ఈసారి నీ రాత గీతలు దాటి పైకీ కిందికీ పోయింది. ఏడో తరగతిలో ముత్యాల్లాంటి రాత అని పంతులుతో అనిపించుకున్నదానివి. కండ్లు మసకబారినాయేమో, నలభై దాటినాక మామూలే. తలనొప్పి కూడా అందుకే వచ్చి ఉంటుంది. ఈసారి వచ్చినప్పుడు కండ్లజోడు ఇప్పిస్తాను. అంతవరకు బావ చెప్పే సోది తగ్గించి రాయి, నీకూ నాకూ మంచిది.

బావా, ముదిగుబ్బకు పోయి ఒకసారి చూపించుకో. నంబరు రాయించుకొని రా. నోటితో చెబితే నమ్మను.

ఇట్లు,
తిప్పేషు.


బొమ్మలగుట్టపల్లి,
30-7-2001.

తిప్పేషుకు,

చెప్తాండేది నీ బావ, ముదిగుబ్బలో చూపించుకొని వచ్చిన సుంకప్ప. కాగితం జతపరిచినా. చదువు. 128 బై 82. మళ్లీ చదువు. మీ డాక్టరమ్మకు చూపించు. ఆ పోస్టుమ్యానుకు కూడా చూపించు, వాడు పోయి కర్ణాటకలో చెప్తాడు.

నడుం రెండంగుళాలు తగ్గింది. మొలతాడు జారుతాండాది. మొన్న పెండ్లిలో పప్పు నోట్లో పెట్టుకుంటే ఉప్పు మంట పుట్టింది. పక్కనోన్ని అడిగితే సరిగ్గానే ఉండాదన్యాడు. నువ్వు రాసిందే నిజమప్పా. ఈ ఒక్క మాటకు మురిసిపో, ఇంక చాలు.

ఇప్పుడు నీ సంగతి. ఎర్రిస్వామి పొట్టేళ్లు కొనేదానికి రాయదుర్గం వచ్చినాడు కదా. బస్టాండు ముందర హోటల్లో నువ్వు బొరుగుల ఉగ్గాని తింటాంటే చూసినాడు. పక్కన బజ్జీలు నాలుగు. ఒట్టి బజ్జీలు కాదు, మధ్యలో చీల్చి ఉల్లిగడ్డా ఉప్పుకారం కూరిన బజ్జీలు. తిని ఇంకొక రెండు చెప్పినావంట. నన్ను నాలుగు నెల్లు సున్నం మేపి, నువ్వాడ బజ్జీలు తింటాండావా? నీ చొక్కా పట్టుకొని అడగాలనిపించింది. ఇంటికి రా, పప్పు పెట్టిస్తా, మా పప్పు.

మీ అక్క జాబు రాసేదానికి విసుక్కుంటాండాది. చెయ్యి తిమ్మిరెక్కుతాండాదంట. బిందెలు మోసిన చెయ్యి కదా. పాదాలు కూడా ఉబ్బి చెప్పులు పట్టక నా చెప్పులేసుకొని తిరుగుతాండాది. ఇప్పుడు నేను సంతకు పోవాలంటే ఆమెను అడిగి పోవాల్సి వచ్చింది. పంచాయితీ ఆడోళ్లది అయిపోయింది మా ఇంట్లో.

ఇట్లు,
128 బై 82.

(మామిడికాయ అయిపోయింది. నిమ్మకాయ అడుగుకొచ్చింది. ఊరుమిరపకాయల డబ్బా కూడా ఖాళీ. తమ్ముడూ, మీ బావ మంచిగైనాడు, నాకంతే చాలు. మా మామను చూసినప్పటి నుంచి నాకు అదే భయంగా ఉండేది. — అక్క)


గుమ్మఘట్ట,
14-8-2001.

128 బై 82 గారికి,

కాగితం చూసినాను. డాక్టరమ్మకూ చూపించినాను. మా ఆస్పత్రి గోడకు అంటించింది, కింద నీ పేరు కూడా రాసింది. బావా, నిజంగా చెబుతున్నాను, నాకు కండ్లలో నీళ్లు తిరిగినాయి. నువ్వు చూడలేదు కాబట్టి రాస్తున్నాను, చూసి ఉంటే ఒప్పుకునేవాన్ని కాదు.

బజ్జీల మాట నిజం. ఆరు కాదు, అయిదు. ఒకటి కాకికి వేసినాను. నీ జాబు చదివినాక సిగ్గేసి నా చేతికి నేనే పట్టీ కట్టుకొని చూసుకున్నాను. 138 బై 88. ఊరూరా తిరిగి అందరికీ చెప్పేవాడు తన గట్టు చూసుకోలేదు. రేపటి నుంచి నేనూ సున్నం పప్పే. ఉగ్గాని మానలేను. బజ్జీలు మానేస్తాను. రెండు తింటాను.

అక్క కాళ్ల వాపు, చెయ్యి తిమ్మిరి సంగతి చదివినాను. ఈ కరువులో నీళ్లు మోసే ఆడవాళ్లందరూ ఇదే చెబుతున్నారు. రక్తం తక్కువై ఉంటుంది. ఐరన్ మాత్రలు పంపుతున్నాను, పొద్దున ఒకటి వేసుకోమను.

అక్కా, చివరగా ఒక సందేహం. మూడు జాడీలూ ఖాళీ చేసినావు సరే. అవన్నీ ఎవరికిచ్చినావు? మన ఆంజినమ్మ నిమ్మకాయంటే లొట్టలేసే జనం ఎంతమంది లేరు! ఎవడో ఊరోనికి పెట్టే బదులు తమ్మునికి ఒక చిన్న సీసా పంపుంటే ఏమయ్యేది? పథ్యం నేను రేపటి నుంచి కదా.

ఇట్లు,
తిప్పేషు.


బొమ్మలగుట్టపల్లి,
27-8-2001.

తిప్పేషుకు అక్క రాసేది. నీ జాబు చదివి నవ్వుకుంటిమి. ఊరగాయ ఎవరికీ ఇయ్యలేదు రా. ఇస్తే కొట్లాటలొస్తాయని చెప్పినా కదా. పారబోసేదానికి చెయ్యి రాలేదు. ఉప్పు లేని పప్పు నాకూ గొంతు దిగదు, అందుకని రోజూ

తిప్పేషు. పైన రాసింది మీ అక్క. కింద నేను. సుంకప్ప. నా రాత ఇంతే. మెల్లగా చదువు.

రోజూ అని రాసింది. పెన్ను పడిపోయింది. తీసుకోబోయింది. తనూ పడింది. కుడి చెయ్యి కుడి కాలు ఆడలేదు. మూతి ఒక పక్కకు వచ్చింది. మా నాయన మాదిరి.

జీపులో ఈడికి, అనంతపురం ఆస్పత్రికి తెచ్చినా. చూసినారు. 210 బై 120. నేను నంబరు రాసిపిచ్చుకొన్యా.

మీ ఆస్పత్రికి ఫోను చేయిస్తే క్యాంపులో ఉండావన్యారు. అందుకే రాస్తాండా. కొత్త ఇన్‌లాండు కొనలేదు. ఆమె రాసిందే నీకు పంపుతాండా. చూసుకో.

ఊరగాయ ఆమే తినింది. మూడు జాడీలు. అయిదు నెల్లు. నేను తినిపోయినాక, గిన్నెల ముందు కూచోని. నువ్వు ఖాళీ చెయ్యమన్యావు. ఖాళీ చేసింది.

డెబ్బై గొర్లు ఉండాయి నాకు. ఏది మేత తగ్గించిందో, ఏది కుంటుతాండాదో దూరం నుంచే చెప్తా. పాదాలు ఉబ్బి నా చెప్పులేసుకొన్యాది ఆమె. నేను నవ్వినా.

పదకొండు మందికి పట్టీ కట్టినావు. ఆమెకు కట్టలేదు. పిలిచినావంట. రాలేదంట. నేనన్నా పోయి పప్పు చూస్తానని ఆమెను లేపి పంపుంటే పొయ్యేది. లేపలేదు. నిన్ను తిట్టేదానికి రాయడం మొదలు పెట్టినా. రాసేకొద్దీ నన్నే తిట్టుకున్నట్టు ఉండాది.

బతుకుతాదన్యారు. చెయ్యి మెల్లగా రావచ్చు అన్యారు. నువ్వు రా.

సుంకప్ప.


గుమ్మఘట్ట,
20-10-2001.

బావకు,

అనంతపురంలో మీ దగ్గరున్న పది రోజుల్లో నోరు తెరిచి చెప్పలేక, ఇక్కడికి వచ్చి రాస్తున్నాను. అక్క నిద్రపోయేటప్పుడు నేను పాత జాబులన్నీ మళ్లీ చదివినాను. నా సంచిలోనే ఉన్నాయి. తలనొప్పి, రాత గీత దాటడం, తిమ్మిరి, వాపు, ఒకదాని వెనక ఒకటి రాసే ఉన్నాయి. ఆమె చేత్తోనే రాసి పంపింది. నేను కండ్లజోడు అన్నాను, ఐరన్ అన్నాను. శభాష్ అన్నాను. పదహారేండ్ల నుంచి ఇదే ఉద్యోగం చేస్తున్నాను బావా.

ఆమె చేత నీకు చాకిరీ చేయించనివ్వనని మొదటి జాబులో పెద్ద మాట రాసినాను. ఇప్పుడు నువ్వు సంగటి మెదిపి ఆమె నోట్లో పెడుతుంటే చూసినాను. మూతి తుడుస్తూ, "నమిలి మింగు, గొర్రె నయం" అని నువ్వు తిడుతుంటే ఆమె ఆ వంకర మూతితోనే నవ్వింది. నేను బయటికి వచ్చి ఏడ్చినాను.

మిషను ఒకటి పంపుతున్నాను. ఎట్లా కట్టాలో నీకు నేర్పించినాను. మాత్రలు ఒక్క పూట కూడా తప్పొద్దు. ఇప్పుడు పథ్యం ఇద్దరికీ. వంట ఒకటి, కంచాలు రెండు, కూచునే వేళ ఒకటి. మాట ఇయ్యి.

తిప్పేషు.


బొమ్మలగుట్టపల్లి,
17-2-2002.

తిప్పేషుకు, చెప్పేది మీ అక్క ఆంజినమ్మ, రాసేది నేను.

నాయనా, బాగుండావా? నేను బాగుండా. మూతి సరిపోయింది. కాలు కొంచెం ఈడుస్తాది. అరుగు దాకా నేనే పోతాండా. నీ మిషను లెక్క ప్రకారం నిన్న 134 బై 84. (మూడుసార్లు చూసినా. రెండుసార్లు నాతో మాట్లాడతానే ఉండాది, అప్పుడు పెరిగింది. నోరు మూసుకొంటే దిగింది. — బావ)

వంట ఇప్పుడు మీ బావే చేస్తాండాడు. నేను పక్కన కూచోని చెప్తా. మొదట్లో పప్పు మాడ్చినాడు. ఆ పొద్దు ఎర్రిస్వామి వచ్చి, ఏం సుంకప్పా పప్పు వాసన ఊరి బయటికొచ్చింది అంటే, గరిటె ఎత్తుకొని తరుముకున్యాడు. (ఎత్తుకొన్యా. తరమలేదు. చేతిలో పప్పు ఉండాది. — బావ) ఇప్పుడు బాగానే చేస్తాండాడు. ఎల్లిపాయ, నిమ్మకాయ, ఇంటి ముందర రెండు మెంతాకు మడులు. స్నానం చేసిన నీళ్లే పోస్తాండాడు.

ఇద్దరం ఒకేసారి కూచోని తింటాండాం. పెండ్లయినప్పటి నుంచి ఇప్పుడే ఆయప్ప కంచంలో ఏముండాదో నేను, నా కంచంలో ఏముండాదో ఆయప్ప చూస్తాండేది. మొదట్లో సిగ్గుగా ఉండేది. ఊరోళ్లు చూస్తే ఏమంటారో అని తలుపేసుకొని తింటిమి. ఇప్పుడు తలుపు తీసే ఉండాది.

నువ్వు ఏడుస్తా రాసిన జాబు రెండుసార్లు చదివిపిచ్చుకొన్యా. ఇంక ఏడవాకు. నువ్వు ఖాళీ చెయ్యమన్యావు, తినమని చెప్పలేదు. కానీ పారేసేది, పంచిపెట్టేది మన ఇండ్లల్లో ఆడోళ్లకు చేతకాదు, మిగిలింది మనమే తినాలని నేర్చుకొని పుట్టినాం. అది నీకు తెలుసుండాల. నాకూ తెలుసుండాల. ఆ నిమ్మకాయ మాత్రం శానా బాగా ఊరింది తిప్పేషూ. (సిగ్గు లేదు. — బావ) జాడీలు మూట కట్టలేదు. ఒకదాంట్లో ఉలవలు, ఒకదాంట్లో కందిపప్పు, ఒకదాంట్లో నా మాత్రలు పోసినా.

వచ్చే నెల గొర్లకు బొచ్చు కత్తిరిస్తాండాం. నువ్వు రావల్ల. మిషను తేవద్దు, ఈడ ఒకటి ఉండాది. ఈసారి మొగోళ్లు అరుగు మీద చేతులు చాపుకొని కూచోనీ, ఎండిపోనీ. ముందు వంటింట్లోకి రా. పక్కింటి సిద్దమ్మ ఉంటాది, మా తోడికోడలు ఉంటాది, పొయ్యి ముందర కూచునేవాళ్లు అయిదారు మంది. వాళ్ల చేతులకు కట్టు. పప్పు ఎవరు చూస్తారని అడగొద్దు. మీ బావ చూస్తాడు. (మాడితే నాది పూచీ కాదు. — బావ)

బజ్జీలు తినొద్దు. ఎర్రిస్వామి మళ్లీ రాయదుర్గం వస్తాడు.

ఆంజినమ్మ

(కింద పేరు నేను రాయలేదు. పెన్ను ఇయ్యమని అడిగి, ఎడం చేత్తో కుడి చెయ్యి పట్టుకొని తనే రాసింది. శానాసేపు పట్టింది. రెండు అక్షరాలు గీత దాటి పోయినాయి. నేను దిద్దలేదు. నువ్వూ కండ్లజోడు మాట ఎత్తొద్దు. — సుంకప్ప)